ఎవరిదీ కాని చెయ్యి

నాకు చదువు రాదండి. మా ఆయన పేరులో ఉన్న అక్షరాలు గుర్తుపడతాను, అంతే. అవి కూడా బడిలో నేర్చుకున్నవి కావు, నా ముంజేతి మీద ఉన్నవి. పెళ్ళయిన కొత్తలో తీర్థంలో పచ్చబొట్టు పొడిపించుకున్నాను. ఆయన పక్కనే నిలబడి, "నొప్పెడితే చెప్పు, నా పేరు పొట్టి చేసుకుంటాను" అని నవ్వాడు. అంచేత ఇది నేను చెప్తుంటే కింద ఫ్లాట్లో ఉండే మన నర్సమ్మాయి రాస్తంది. తప్పులుంటే ఆ అమ్మాయివి. కోపం ఉంటే నాది.

నేను చెప్పేది డబ్బు కాగితం గురించి. దాని విలువ గురించి కాదు, దాని మీద వేసే బొమ్మ గురించి.

ఇక్కడ గల్ఫ్‌లో, సాల్మియా అనే చోట సముద్రం కనపడే ఇంట్లో పని నాది. ఎండలు ముదిరితే ఈ ఇంట్లో వాళ్ళు యూరప్ వెళ్ళిపోతారు. తిరిగొచ్చాక పెట్టెలు ఖాళీ చేసేది నేను. బట్టలు మెషిన్లో వేసే ముందు జేబులు తడమడం నాకు అలవాటు. ఒకసారి లిప్‌స్టిక్ ఒకటి ఉండిపోయి, సారు తెల్లబట్టలన్నీ గులాబీ రంగయ్యాయి. ఆ రోజు పడ్డ తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. అలా తడుముతుంటే చిన్నమ్మాయి కోటులో ఒక నోటు దొరికింది. చిన్నమ్మాయంటే మామా రెండో కూతురు (ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలవాలి), కాలేజీలో బొమ్మల చదువు చదువుతుంది. నోటు నీలంగా ఉంది. మన నోటు మీద గాంధీగారుంటారు. ఇక్కడి దినారు మీద డేగో, ఒంటో, పడవో, ఏదో ఒకటి ఈ గడ్డది ఉంటుంది. దీని మీద ఒక పక్క కిటికీలు, తిప్పితే వంతెన. మనిషి లేడు. వంతెన మీద నడిచేవాడు లేడు, కిటికీలోంచి తొంగి చూసేవాడు లేడు. వెలుతురుకి ఎత్తితే మాత్రం ఒక ఆడమనిషి ముఖం నీడలా కనపడింది. దించితే పోయింది.

తీసుకెళ్ళి ఇచ్చాను. మేం మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం హిందీ, మిగతాది చేతులు. ఇక్కడ తెలుగులోనే చెప్తాను.

"ఈ వంతెన ఎక్కడుంది? నువ్వెళ్ళావా?" అనడిగాను.

"ఎక్కడా లేదు."

"కూలిపోయిందా?"

"కాదు. ఎప్పుడూ లేదు" అంది.

"మరి ఈ ఆడమనిషి?"

"అది పాత కథలో పిల్ల. ఎద్దు రూపంలో ఒక దేవుడొచ్చి వీపు మీద ఎక్కించుకుని సముద్రం దాటించి ఎత్తుకుపోయాడు. మా అరబ్బుల వైపు నుంచే. ఆ పిల్ల పేరే వాళ్ళ ఖండానికి పెట్టుకున్నారు."

సముద్రం దాటించి తెచ్చుకున్న ఆడదాన్ని ఎక్కడ పెట్టాలో వాళ్ళకి బాగా తెలుసనుకున్నాను. పేరు వాడుకుంటారు. మనిషి మాత్రం వెలుతురుకి పెడితే తప్ప కనపడకూడదు.

ఆ శుక్రవారం ఈ సంగతి మా ఆయనకి చెప్పాలని మనసులో పెట్టుకున్నాను. పెట్టుకున్నాక గుర్తొచ్చింది, చెప్పడానికి ఆయన లేడని.

ఆయనకి అల్ రాయ్‌లో కార్ల వర్క్‌షాప్‌లో పెయింటింగ్ పని. గీతలు పడ్డ కారుకి, మిగతా కారులో కలిసిపోయేలా రంగు కలపాలి. ఇద్దరం ఒకే దేశంలో ఉండి శుక్రవారం శుక్రవారం కలిసేవాళ్ళం, సముద్రం ఒడ్డున బెంచీ మీద, చుట్టాల్లాగ. నేను టిఫిన్ డబ్బాలో ఏదో పట్టుకెళ్ళేదాన్ని. ఆయన తింటూ వారంలో కలిపిన రంగులు చెప్పేవాడు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం రంగేస్తూ కారు పక్కనే పడిపోయాడు. కారు సగం తెల్లగా, సగం పాతరంగుతో ఉండిపోయిందని ఆయనతో పనిచేసేవాళ్ళు చెప్పారు. గుండె అన్నారు.

ఆయన్ని పెట్టిన పెట్టె ఊరికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. మామా పెద్దకూతురు అప్పుడే పురిటి మంచం మీద ఉంది, ఇంటినిండా చూడ్డానికి వచ్చేవాళ్ళు. నా ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కాగితాలు, అప్పుడే ఆఫీసులో ఉన్నాయన్నారు. "నువ్వెళ్ళి ఏం చేస్తావు? అక్కడ వాళ్ళవాళ్ళు ఉన్నారుగా, చూసుకుంటారు" అంది మామా. చెడ్డగా అనలేదు. కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది.

ఊళ్ళో అయితే నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, ఏడ్చి, గాజులు పగలగొడతారు. ఇక్కడ నాకెవరున్నారు? వంటింటి పక్కన నా బాత్రూంలో సింకు అంచుకి నేనే కొట్టుకున్నాను. ఆ చప్పుడుకి మామా వచ్చింది. "గాజు ముక్కలు గొట్టంలోకి పోతే నీళ్ళు ఆగిపోతాయి, జాగ్రత్త" అని చెప్పి వెళ్ళింది. గొట్టంలో ముక్క మిగలకుండా అన్నీ ఏరాను. నా పుణ్యస్త్రీతనం చెత్త కవరులో కట్టి, లిఫ్టు పక్కన పెట్టి వచ్చాను.

ఆ రోజే అనుకున్నాను, కర్మకి లేను, దినానికి లేను, సంవత్సరీకానికి ఉండాలి. మాకు పిల్లల్లేరు. మరిది పెడతాడు. పెట్టేది అతనైనా, మా ఊరి కాలవ గట్టు మీద నేను నిలబడాలి. ఆయన పోయాడని నా కళ్ళు ఇంకా చూడలేదు. అందరూ చెప్తే విన్నానంతే. మామాని అడిగితే, "అప్పటికి చాలా రోజులుంది, చూద్దాం" అంది. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంటుంది. చూడాల్సింది వాళ్ళే.

చలికాలం వచ్చాక చిన్నమ్మాయికి కాలేజీలో ఒక పని ఇచ్చారు. యూరప్ వాళ్ళకి ఉన్నట్టు ఈ గల్ఫ్ దేశాలన్నిటికీ కలిపి ఒకటే డబ్బు ఉంటే, ఆ నోటు ఎలా ఉండాలో బొమ్మ గీసి తేవాలంట. ఆ పిల్లకి పక్కన ఎవరైనా వింటుంటే తప్ప చేతులు ఆడవు. నేను ఆ గదిలో బట్టలు మడతపెడుతుంటే నాకు చెప్పుకుంటూ గీసేది. అలా నాకు ఆ నోటు పుట్టుక అంతా తెలిసింది.

యూరప్‌లో దేశానికొక డబ్బు ఉండేదంట. ఒక్కోదాని మీద వాళ్ళ వాళ్ళ రాజులు, రాణులు, పాటలు కట్టినవాళ్ళు. అందరూ కలిసి ఒకటే డబ్బు పెట్టుకుందాం అనుకున్నాక మొదటి గొడవ అదే, దాని మీద ఎవరుండాలని. ఒకడి రాజు ఇంకొకడి తాతని చంపినవాడు. ఒకడి గుడి పెడితే ఇంకొకడు మా గుడి ఏదంటాడు. బొమ్మలకి పోటీ పెట్టారు. ఒక దేశపు బ్యాంకులో పనిచేసే మనిషి వేసిన బొమ్మలు నెగ్గాయి. ఎదర తలుపులు, కిటికీలు. అంటే, మా ఇల్లు తెరిచే ఉంది, రండి అని. వెనక వంతెనలు. అంటే, మేం కలిసే ఉన్నాం అని. ఒక్కో నోటుకి ఒక్కో కాలపు కట్టడం, చాలా పాతకాలం నుంచి ఇప్పటి అద్దాల మేడల దాకా.

"అయితే అక్కడా గొడవే" అంది చిన్నమ్మాయి. "మొదట గీసినవి నిజం వంతెనల్లా ఉన్నాయి. ఇది ఫలానా ఊళ్ళోది, అది ఫలానా దేశానిది అని జనం పోల్చుకునేలా ఉన్నాయి. ఎవరిదో తెలిసిపోతే మిగతావాళ్ళకి బాధ. అందుకని మళ్ళీ మార్చి గీయించారు, ఎవరిదీ కాకుండా పోయేదాకా."

"అందరూ పెద్ద చదువులవాళ్ళేనా?"

"అందరూ."

"అందరూ కూర్చుని, లేని వంతెన మీద ఒప్పుకున్నారా?"

ఆ పిల్ల పగలబడి నవ్వింది. "ఇంకోటి చెప్తాను విను. తర్వాత ఒక చిన్న ఊరివాళ్ళు ఆ బొమ్మలు చూసి, అచ్చం అలాంటి వంతెనలే, నోట్ల రంగుల్లోనే, వాళ్ళ కాలవల మీద కట్టుకున్నారు. ముందు బొమ్మ, తర్వాత వంతెన."

కాలవల మీద అనేసరికి నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా కోనసీమలో ఎన్నో ఏళ్ళు జనం వంతెన కావాలని మొత్తుకుంటూ రేవు దాటేవాళ్ళు. మాకు ఎవడైనా బొమ్మ గీసి పెడితే బాగుండేది.

ఒకరోజు నేను టీ పట్టుకెళ్ళి, ఒక చేత్తో తలుపు తోసి నిలబడ్డాను. "కదలకు!" అని అరిచింది చిన్నమ్మాయి. ట్రే పడేయబోయాను. బల్లి ఏదైనా పడిందేమో అనుకున్నాను. కాదు, నా చెయ్యి చూస్తంది. "తలుపు ఒక్కటే ఉంటే వాళ్ళని చూసి దొంగిలించినట్టుంటుంది. తలుపు తెరిచే చెయ్యి కూడా ఉండాలి. ఈ చెయ్యి. మనిషి అక్కర్లేదు, చెయ్యి చాలు."

అప్పుడే అడిగాను నేను. ఎప్పుడడిగితే పని జరుగుతుందో ఇన్నేళ్ళ కొలువులో ఆ మాత్రం తెలుసు. "నా చెయ్యి ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు పెట్టుకో. మీ అమ్మకి మాత్రం చెప్పు. ఆషాఢంలో నన్ను ఊరు పంపించాలి. మా ఆయన సంవత్సరీకం. నా మాట ఆవిడ చెవికెక్కదు, నీది ఎక్కుతుంది."

"ఇన్‌షా అల్లా, నేను చెప్తాను. ఖలాస్. అది అయిపోయినట్టే అనుకో" అంది.

మా ఇంటి డ్రైవరు రాయచోటి సాయిబు. నాకు తమ్ముడి వరస అయ్యాడు. కింద కారు తుడుస్తుంటే అతనికి చెప్పాను.

"ఏమక్కా, ఇన్‌షా అల్లా అనిందా?" అన్నాడు.

"అంది. దేవుడి మాటే కదా?"

"దేవుని మాటే. నా పెండ్లాం ఫోన్లో ఫ్రిజ్జు అడిగినప్పుడల్లా నేనూ అదే అంటాండా. ఆరేండ్లాయె. ఆ యమ్మ ఇంగా కుండలో నీళ్ళే తాగుతాంది."

"నీ నోట్లో మన్ను పొయ్య. మంచిమాట అనవేం?"

"మంచిమాటే చెప్తాండా. పనికి ముందే అడిగించుకో, పనైనాక నీ మొగం యాడ గుర్తుంటాది?"

వినలేదు నేను. చిన్నపిల్ల, నా చేతి అన్నం తిని పెరిగింది, మాట తప్పదనుకున్నాను.

రోజూ మధ్యాహ్నం ముసలామె నిద్రపోయాక నన్ను పిలిచేది. ముసలామె మామా వాళ్ళమ్మ, కాళ్ళు పడిపోయి చక్రాల కుర్చీలో ఉంటుంది. ఆవిడని చూసుకోవడం కూడా నా పనే. నేను తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడితే చిన్నమ్మాయి గీసేది, ఫోన్లో ఫొటోలు తీసేది. చెయ్యి తిమ్మిరెక్కేది. ఒకనాడు తల అటూ ఇటూ తిప్పి చూసి, "చెయ్యి ఖాళీగా ఉంది, బాలేదు" అని లోపలికెళ్ళి తన బంగారు గాజులు తెచ్చింది. నేను చూస్తుండగానే నా మణికట్టుకి ఎక్కించేసింది.

వద్దమ్మా అన్నాను. ఏడాది తిరగలేదు, వేసుకోకూడదు, మొగుడు పోయినదాన్ని అన్నాను. సగం మాటలు రాక ఛాతీ మీద కొట్టుకుని చెప్పాను.

"బంగారపు గాజులు కూడా వద్దంటారా?" అని ఆశ్చర్యపోయింది. "పది నిమిషాలే. ఎవరు చూస్తారు? నీ దేవుళ్ళు సాల్మియాలో ఉంటారా?"

నా చెయ్యి గుంజుకోలేదు. మనసులో విమానం ఉంది మరి. ఫొటో తీసుకుంది. గాజులు తీసేసి ఒకసారి చూసుకుని పెట్టెలో పెట్టుకుంది, అవి నా చేతికి ఉండగా ఏమైనా అరిగిపోయాయేమోనన్నట్టు.

బొమ్మ బాగా వచ్చింది, అబద్ధమాడను. పెద్ద చెక్కతలుపు, దాని మీద నా చెయ్యి. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చతో సహా నాదే. ముంజేతి మీద మా ఆయన పేరు, ఒక్క ఒంపు తప్పకుండా. ఆ పిల్లకి మన అక్షరం ఒక్కటీ రాదు, అయినా ఎంత ఓపిగ్గా దించిందో! ఆ పేరుని చూస్తుంటే ఎవరో ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది. ఇన్ని దేశాల డబ్బు మీద కార్లకి రంగులేసుకునే మనిషి పేరు. రాసినవాళ్ళకీ తెలియదు, వాడేవాళ్ళకీ తెలియదు. నాకు ఒక్కదానికే తెలుసు. ఆ రోజు సాయంత్రం ముసలామెకి కాళ్ళు పడుతూ నాలో నేనే నవ్వుకున్నాను.

వారం తిరగలేదు, కాలేజీ నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చింది. టీచరమ్మ చూసి, గాజులు చూస్తే ఏ దేశమో తెలిసిపోతుంది, తియ్యి అందట. చేతి మీద ఆ రాత ఏ భాషదో, అదీ తియ్యి. మచ్చ చూస్తే ఎవరో ఒక మనిషి అని తెలుస్తుంది, అదీ ఉండకూడదు. పాఠం అంతా అదే కదా, ఎవరిదీ కాకూడదు, ఎవరినీ నొప్పించకూడదు.

నేను అక్కడే ఉన్నాను. పలక లాంటి కంప్యూటరు మీద పెన్ను పెట్టి రుద్దింది. గాజులు పోయాయి. వాటికి నేను బాధపడలేదు. మచ్చ పోయింది. తర్వాత పేరు మీదికి వచ్చింది.

"అది ఉంచకూడదా?" అన్నాను.

"ఎలా ఉంచుతాను? ఎవరి పేరు ఇది అంటారు. మిగతా దేశాలవాళ్ళకి కోపం వస్తుంది."

"ఎవరికి కోపం? మా ఆయన పేరుకి కోప్పడే రాజు ఎవడున్నాడు?"

"నువ్వు ఊరుకో. ఇది నిజం డబ్బు కాదు, బొమ్మే కదా" అంది.

"బొమ్మే కదా. అయితే ఉంచు."

రుద్దింది. మొదటి అక్షరం పోయింది, నడిమి అక్షరం పోయింది. పోయిన చోట చర్మం నున్నగా వచ్చేసింది, నాకు పదహారేళ్ళప్పుడు కూడా లేనంత నున్నగా. వేళ్ళు సన్నం చేసింది. రంగు కొంచెం తేల్చింది. అంతా అయ్యాక చూపించి, "ఇప్పుడు బాగుంది కదా?" అంది.

"ఎవరిదిది?" అనడిగాను.

"ఎవరిదీ కాదు" అంది సంతోషంగా.

దానికి కాలేజీలో మెచ్చుకున్నారు. అద్దం కట్టించి గోడకి పెట్టారు. ఇంట్లో కేకు కోశారు. ఆ కేకు పళ్ళేలు కడిగింది మాత్రం ఎవరిదో తెలిసిన చెయ్యే.

ఎండలు వచ్చాయి. మేడమీద నుంచి పెట్టెలు దిగాయి. ఊళ్ళో మరిది పంతులుగారిని అడిగి తిథి చెప్పాడు. నేను మామా గదికి వెళ్ళాను. పెట్టెలో చెప్పులు సర్దుతుంది, చిన్నమ్మాయి మంచం మీద పడుకుని ఫోను చూస్తంది.

"మామా, నా టికెట్టు సంగతి ఏం చేశారు?" అన్నాను.

"ఏ టికెట్టు?"

నేను చిన్నమ్మాయి వైపు చూశాను. ఆ పిల్ల లేచి కూర్చుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! కాలేజీ పని హడావుడిలో మర్చేపోయాను" అంది. నిజంగానే మర్చిపోయింది. కావాలని చేసుంటే బాగుండేది, తిట్టుకోడానికి వీలుండేది. వాళ్ళ బుర్రలో నేను నిలబడేంత చోటే లేకపోతే ఏమని తిట్టను?

మామా చెప్పులు పక్కన పెట్టింది. "ఇప్పుడెలా కుదురుతుంది? మేం అందరం వెళ్తున్నాం. మా అమ్మని ఎవరు చూస్తారు? తిరిగొచ్చాక వెళ్ళు, రెండు నెలలు ఉండిరా."

"తర్వాత వెళ్తే పనికిరాదు మామా. అది తిథి. జరపడానికి ఉండదు."

"మీ మరిది చేస్తాడు కదా? దేవుడు ఇక్కడి నుంచి అడిగినా వింటాడు, అక్కడి నుంచి అడిగినా వింటాడు."

"నేను దేవుడితో మాట్లాడ్డానికి కాదు వెళ్ళేది. మా ఆయనతో."

మామా గుండె రాయి కాదు. "నీకు అక్కడి నుంచి ఏం తేవాలో చెప్పు" అంది. చిన్నమ్మాయి నా భుజం పట్టుకుని, "ఆ వంతెనలు కట్టిన ఊరు వెళ్తాను నేను. నీకు ఫొటోలు పంపిస్తాను, వీడియో కూడా" అంది. నన్ను ఓదార్చడమే అనుకుంది పాపం.

నాకు నోరు లేచింది. "ఆ వంతెన ఎక్కితే మా ఊరు వస్తుందా?" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఏమంటుంది అని మామా అడిగింది. ఏమీ లేదని చెప్పి, ఆ చెప్పులు తీసుకుని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాను.

వాళ్ళని ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాక డ్రైవరు తమ్ముడు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నేను చెప్పలా అంటాడేమో, అంటే గరిటె విసురుదామనుకున్నాను. అనలేదు. "అక్కా, ఆ పొద్దు నేను తెల్లారే లేస్తా. ముసలమ్మకు చాయ్ నేను పెడతా. నీ ఫోనుకు నెట్ వేయించినా, నడమల తెగిపోదు" అన్నాడు. తలకాయ ఊపాను.

తిథి నాడు తలస్నానం చేశాను. వంటింటి వెనక చిన్న బాల్కనీ ఉంది, బట్టలారేసేది. అక్కడ నిలబడ్డాను. తెల్లారి ఎంతో సేపు కాలేదు, అప్పటికే ఇనప రెయిలింగు పట్టుకోలేకపోయాను, అంత వేడి. ఫోన్లో మా ఊళ్ళో మబ్బుగా ఉంది. సన్నగా తుంపర. కాలవ గట్టు, పంతులుగారు, తడి పంచెతో మరిది, గొడుగులు పట్టుకుని నలుగురు చుట్టాలు. ఫోను పట్టుకున్నదెవరో గాని మనుషుల కాళ్ళే చూపిస్తన్నాడు. అయినా చూస్తూనే ఉన్నాను. మంత్రాలు అయ్యాయి. పిండాలు ఆకులో పెట్టి గట్టు మీద కాస్త దూరంగా ఉంచి, అందరూ వెనక్కి జరిగారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్ళు తృప్తిపడ్డట్టు.

కాకులు వచ్చాయి. ఎదర చెట్టు మీద వాలి అరిచాయి. కిందకి దిగవు.

"ముట్టడంలేదు వదినా" అన్నాడు మరిది ఫోను తీసుకుని.

"కాస్త ఆగు. జనం వెనక్కి జరగండి."

"జరిగాం. చాలాసేపయింది. మనసులో ఏదో ఉండిపోయింది, ఎవరో మాటివ్వాలి అంటున్నారు పంతులుగారు. వదినకి ఏ లోటూ రానివ్వను అన్నయ్యా అని నేను చెప్పాను. ముట్టలేదు."

"నీ మాట ఆయన బతికుండగానే నమ్మేవాడు కాదు" అన్నాను. అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"నీకోసమే చూస్తున్నాడు వదినా. నువ్వు చెప్పు. ఫోను పైకెత్తి పట్టుకుంటాను. వచ్చే ఏడు తప్పకుండా వస్తానని ఒక్క మాట అను, చాలు. వాన పెద్దదయ్యేలా ఉంది."

ఫోను పైకెత్తాడు. నాకు మనుషులు పోయి ఆకాశం, తడిసిన కొబ్బరిమట్టలు కనపడ్డాయి. అందరూ మాటలు ఆపేశారు. కాకులు కూడా ఆపేసినట్టే అనిపించింది.

వచ్చే ఏడు వస్తాను. అనడానికి ఎంత సేపు? నోటి దాకా వచ్చింది. వచ్చే ఏడు ఈ ఇంట్లో ఎవరు కంటారో, ఎవరు యూరప్ వెళ్తారో, నా పాస్‌పోర్టు ఏ బీరువాలో ఉంటుందో నాకు తెలుసా? ఆ పిల్ల నాకు చెప్పినట్టు నేను ఆయనకి చెప్పాలా? బతికినన్నాళ్ళూ ఆయన నన్ను శుక్రవారం వస్తానని చెప్పి రాకుండా ఒక్కనాడు కూర్చోబెట్టలేదు.

"ఇదిగో, వింటన్నావా?" అన్నాను. "వస్తానని చెప్పమంటున్నారు. నేను చెప్పను. వస్తానో రానో నాకు తెలీదు. ఎవరూ పంపలేదు, అందుకే రాలేదు. నామీద కోపం పెట్టుకుని కడుపు మాడ్చుకోకు. నాకోసం చూడకు. తిను."

పంతులుగారు దగ్గారు. ఏంటి, అలా అనేసింది అని ఎవరో ఆడమనిషి గొంతు వినపడింది. మట్టలు అటూ ఇటూ ఊగాయి. తర్వాత ఒక్కసారి గోల.

"ముట్టింది! వదినా, ముట్టింది!" అని మరిది అరిచాడు.

"నిజంగానా?"

"నిజం వదినా. ఇప్పుడే. వచ్చి ముట్టి ఎగిరిపోయింది."

"ఫోను తిప్పు. చూపించు."

తిప్పాడు. గట్టు మీద ఆకు చెదిరిపోయి ఉంది. అన్నం మెతుకులు బురదలో ఉన్నాయి. కాకి లేదు. ఆకు పక్కన ఒక ఎర్రకుక్క నిలబడి మూతి నాక్కుంటంది. చుట్టాలు అప్పుడే గొడుగులు సర్దుకుని కదులుతున్నారు. మరిది ఫోను తనవైపు తిప్పుకుని, నా ముఖం చూడకుండా పక్కకి చూస్తన్నాడు.

"నిజం వదినా" అన్నాడు మళ్ళీ.

లోపల ముసలామె గంట కొడుతుంది. తమ్ముడు చాయ్ పెట్టాడుగాని ఆవిడకి నేనే తాగించాలి.

"ఆ కుక్కని అదిలించు అబ్బాయ్" అన్నాను.

"అదిలిస్తన్నాను వదినా" అన్నాడు. నేను ఫోను పెట్టేసి లోపలికి వచ్చాను.